పోతపాలతో పెరిగిన బీన్సు

గింజల కథ – 11వ భాగం

గ్రెగర్ మెండెల్ పేరు చెప్పగానే అందరికీ బఠాణీలే గుర్తొస్తాయి. 1865లో బ్రనో పట్టణంలోని ప్రకృతి విజ్ఞాన సంఘం ముందు ఆయన రెండు విడతలుగా చదివిన వ్యాసం మరుసటి ఏడాది అచ్చయింది. అందులో బఠాణీల భాగం అయిపోయాక బీన్సు మీద కొన్ని పేజీలున్నాయి. పాఠ్యపుస్తకాలు వాటి జోలికి పోవు. అక్కడ లెక్కలు బఠాణీల్లా తిన్నగా కుదరలేదు మరి.

తెల్లగా పూసే పొట్టి బీన్సు మొక్కను తల్లిగా పెట్టుకున్నాడు మెండెల్. పది పన్నెండు అడుగులు పాకి ఎర్రగా పూసే ఇంకో జాతి బీన్సు తీగ నుంచి పుప్పొడి తెచ్చి దానికి అద్దాడు. ఒకటి ఫేసియోలస్ వల్గారిస్, ఇంకొకటి ఇప్పుడు మనం ఫేసియోలస్ కాక్సీనియస్ అని పిలిచేది. సంకరం కుదిరింది. పిల్ల మొక్కలు 17 వచ్చాయి, చూడటానికి చాలావరకు తండ్రి పోలికే. వందల కొద్దీ పూలు పూశాయి. ఆ వందల పూల నుంచి ఆయన చేతికొచ్చిన గింజలు మొత్తం 49. వాటిని మరుసటి ఏడు నాటితే 44 మొలిచాయి, 31 మాత్రమే పూత దాకా వచ్చాయి. ఊదా ఎరుపు నుంచి లేత వంగపండు రంగు దాకా రకరకాల ఛాయలు కనిపించాయి. తెల్లగా పూసింది ఒక్కటే.

బఠాణీల్లో అయితే నాలుగింట ఒకటి తెల్లగా పూయాలి. ఇక్కడ 31లో ఒకటేమిటి? ఎరుపు అనేది ఒకే రంగు కాకుండా, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండో మూడో రంగుల కలయిక అయితే ఈ లెక్క కుదురుతుందని మెండెల్ ఊహించాడు. రెండు రంగులనుకుంటే పదహారింట ఒకటి తెల్లగా రావాలి. ఒక లక్షణం వెనక ఒకటికి మించి జన్యువులు ఉండొచ్చన్న ఆలోచనకు ఇది తొలి మెట్టని చరిత్రకారులు మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. నాకు మాత్రం ఆ పేజీలో 49 అన్న అంకె దగ్గర కన్ను ఆగిపోతుంది. మిగతా పూలన్నీ ఏమయ్యాయి? అంత విరగపూసిన మొక్కలు దాదాపు గొడ్డుపోవడమేమిటి? మెండెల్ ఆ సంగతి చెప్పి ముందుకు సాగిపోయాడు. తర్వాత వందేళ్ళ పాటు బీన్సు జాతులను కలపాలని చూసినవాళ్ళందరికీ అడ్డం తగిలింది సరిగ్గా అదే.

ఇక్కడ బంధుత్వాలు కొంచెం తేల్చుకోవాలి. మనం కూర వండుకునే బీన్సు, పంజాబీ హోటల్లో తినే రాజ్మా ఒకే జాతి గింజలు, ఫేసియోలస్ వల్గారిస్. మన పెరటి చిక్కుడు వేరు, దానిది ఆఫ్రికా మూలం, వేరే ప్రజాతి. మినుములు, పెసలు కూడా పాత వృక్షశాస్త్ర గ్రంథాల్లో ఫేసియోలస్ కిందే ఉండేవి. తర్వాత వాటిని తీసి విగ్నాలో, అంటే అలసందల ఇంట్లో చేర్చారు. అసలు ఫేసియోలస్ కుటుంబమంతా అమెరికా ఖండాలది. మనిషి సాగులోకి తెచ్చుకున్నవి అయిదు జాతులు: రాజ్మా, ఎర్రపూల తీగ బీన్సు, లైమా బీన్సు, ఎడారి గింజ టెపరీ, గ్వాటెమాలా కొండల్లో పండే డ్యుమోసస్. అయిదింటికీ క్రోమోజోములు 22 చొప్పునే. లెక్క కుదిరింది కాబట్టి సంకరం కూడా సులువుగా కుదురుతుందనే ఎవరైనా అనుకుంటారు.

నిజానికి మొదటి అంకం చాలాసార్లు కుదురుతుంది కూడా. పరాయి పుప్పొడి కీలాగ్రం మీద మొలకెత్తుతుంది, నాళం దిగుతుంది, అండాన్ని చేరుతుంది, ఫలదీకరణం జరుగుతుంది. కాయ కూడా కాస్త సాగుతుంది. రెండు మూడు వారాలకు ఆ కాయ పసుపుబారి రాలిపోతుంది. విప్పి చూస్తే లోపల పిండం ఉంటుంది, ఎండిపోయో, ముడుచుకునో. పెళ్ళి జరిగింది, కడుపు పండింది, నిలవలేదు.

ఎందుకు నిలవలేదో తెలియాలంటే 1898లో కీవ్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు నవాషిన్ కనిపెట్టిన విషయం తెలియాలి. పూలమొక్కల్లో ఫలదీకరణ రెండుసార్లు జరుగుతుంది. పుప్పొడి నాళం రెండు వీర్యకణాలను మోసుకొస్తుంది. ఒకటి అండంతో కలిసి పిండమవుతుంది. ఇంకొకటి పక్కనున్న కేంద్రకాలతో కలిసి అంకురచ్ఛదం అవుతుంది. ఆ పిండానికి మేత అదే. ఈ మేత కణజాలంలో తల్లి వాటా రెండు పాళ్ళు, తండ్రి వాటా ఒక పాలు. తల్లి ఒక జాతి, తండ్రి ఇంకో జాతి అయినప్పుడు ఆ పాళ్ళ మధ్య సయోధ్య చెడుతుంది. అంకురచ్ఛదం సరిగా ఎదగదు, ఎదిగినా ముందే కుళ్ళుతుంది. పిండం ఆకలితో పోతుంది. ఆ పిండంలో దోషం లేకపోవచ్చు కూడా.

బీన్సులో ఇంకో చిక్కుంది. పిండాన్ని తల్లి కణజాలానికి అంటిపెట్టే కాడ ఒకటి ఉంటుంది. తొలిరోజుల్లో పోషణ దాని గుండానే అందుతుంది. ఎర్రపూల బీన్సులో ఈ కాడ కణాలు ఎంత పెద్దవంటే, ఒక్కొక్క కణంలో మామూలు కణానికి వేల రెట్ల డీఎన్ఏ పోగుపడుతుంది. ఈగ లాలాజల గ్రంథుల్లో కనిపించే రాక్షస క్రోమోజోములు ఈ కాడలో కూడా ఉన్నాయని వాల్టర్ నాగల్ చూపించాడు. గింజలో కలకాలం నిలిచే భాగం కూడా కాదది, కొన్నాళ్ళుండి కరిగిపోయేది. దాని కోసం మొక్క అంత యంత్రాంగం సిద్ధం చేస్తుందంటే తొలివారాల పోషణ ఎంత పెద్ద పనో అర్థమవుతుంది.

తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్నదీ తేడా తెస్తుంది. వల్గారిస్ తల్లి, కాక్సీనియస్ తండ్రి అయితే గింజ కట్టే అవకాశం ఉంది. అటుదిటు చేస్తే పిండం ఇంకా గుండ్రటి ముద్దగా ఉన్న దశలోనే ఆగిపోతుంది. బెల్జియంలోని జాంబ్లూలో జాఁ పియర్ బోదువాఁ బృందం ఈ తిరగేసిన సంకరాల మీద ఏళ్ళ తరబడి కుస్తీ పట్టింది. మెండెల్ పొట్టి బీన్సునే తల్లిగా ఎంచుకున్నాడు. తీగ బీన్సును తల్లిగా పెట్టి ఉంటే ఆయనకు 17 మొక్కలు కూడా దక్కేవి కావు, రంగుల ఊహ పుట్టేదీ కాదు.

మేత అందక పోయే పిండానికి మనమే మేత పెడితే? ఈ ప్రశ్న బీన్సు పొలంలో పుట్టలేదు. 1904లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హానిగ్ ముల్లంగి జాతి మొక్కల పిండాలను గింజల నుంచి తీసి, లవణాలూ చక్కెరా కలిపిన ద్రావణంలో పెంచాడు. అవి దాదాపు ఎదిగిన పిండాలు, సంకరాలు కావు. సంకర పిండాన్ని కాపాడిన ఘనత ఫ్రీడ్రిష్ లైబాఖ్‌ది, 1925లో, అవిసె మీద. రెండు అవిసె జాతులను కలిపితే కాయలో ముడతలు పడ్డ, మొలకెత్తని గింజలు వచ్చాయి. లైబాఖ్ వాటిని పారేయకుండా చీల్చి పిండాలను బయటకు తీసి, చక్కెర నీళ్ళలో తడిపిన దూది మీద పెట్టాడు. మొక్కలు వచ్చాయి, పూశాయి, గింజ పట్టాయి. ఇప్పుడు ప్రపంచంలో ప్రతి మొక్కల ప్రయోగశాలలోనూ ఉండే ఆరబిడాప్సిస్ అనే కలుపు మొక్కను పరిశోధనకు పనికొస్తుందని ముందుకు తెచ్చిందీ ఈ లైబాఖే. ఆ పేరుతోనే ఆయన ఎక్కువ గుర్తుండిపోయాడు. దూది మీది అవిసె పిండం అంతకన్నా తక్కువ పని కాదని నేననుకుంటాను.

చక్కెర నీళ్ళతో అన్నీ బతకవు. ఎదిగిన పిండానికి లవణాలూ చక్కెరా చాలు. గుండ్రటి ముద్ద దశలో ఉన్నదానికి చాలవు, దానికింకా ఏదో కావాలి. ఆ ‘ఏదో’ 1941లో కొబ్బరికాయలో దొరికింది. వాన్ ఓవర్‌బీక్, మేరీ కాంక్లిన్, ఆల్బర్ట్ బ్లేక్స్‌లీ ఉమ్మెత్త పిండాలతో పని చేస్తున్నారు. అర మిల్లీమీటరు కూడా లేని పిండాలు ఏ ద్రావణంలో వేసినా చచ్చిపోయేవి. కొబ్బరినీళ్ళు కలిపారు, పెరిగాయి. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. కొబ్బరినీళ్ళంటే ద్రవరూపంలో ఉన్న అంకురచ్ఛదమే, కొబ్బరి పిండం కోసం ప్రకృతి పోసిపెట్టిన మేత. తల్లి పాలు లేని బిడ్డకు పోతపాలు పట్టినట్టు, ఒక చెట్టు బిడ్డ కోసం దాచుకున్నది తెచ్చి ఇంకో మొక్క బిడ్డకు పట్టారు. మన తూర్పు గోదావరి జిల్లాలో లారీలకెత్తే సరుకు అమెరికా ప్రయోగశాలల్లో సీసాల్లోకి కొలిచి పోసే మందయింది. దాంట్లో పనిచేస్తున్న పదార్థం ఏమిటో తేలడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ కథ చివర మళ్ళీ బీన్సు దగ్గరికే వస్తుంది.

ఇక పని ఎలా జరుగుతుందో చెప్పాలి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళే చిమటాతో విప్పి, కేసరాలు తుంచేసి, రెండో జాతి పుప్పొడి అద్దుతారు. చీటీ కడతారు. వందల మొగ్గలకు ఇలా చేస్తే పదులలో కాయలు నిలుస్తాయి. రెండు మూడు వారాలకు, కాయ రంగు తిరగకముందే కోసి, స్పిరిట్‌లో కడిగి, సూక్ష్మదర్శిని కింద పచ్చి గింజను చీరి పిండాన్ని లేపుతారు. ఒక రోజు ముందు కోస్తే పిండం మరీ లేతది, ఒక రోజు ఆలస్యమైతే ఎండిపోయింది. మేతలో చక్కెర పాలు కూడా ముఖ్యమే. పలచనైతే పిండం ఎదగడం మానేసి తొందరపడి మొలకెత్తుతుంది, ఆ మొలక పీలగా పోతుంది. అందుకని లేత పిండానికి చిక్కటి చక్కెర పెట్టి, పెరిగేకొద్దీ పలచన చేసుకుంటూ పోతారు.

బీన్సులో ఈ విద్య తొలిసారి గట్టిగా వినిపించింది 1956లో, అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం నుంచి. అక్కడ గ్రేట్ నార్తర్న్ అనే తెల్ల బీన్సు పెద్ద పంట. దాన్ని బ్యాక్టీరియా మాడు తెగులు పీడించేది. ఆకుల మీద మచ్చలు, అంచుల వెంబడి ఎండు, కాయల మీద నూనె చుక్కల్లాంటి మరకలు, గింజలోకీ పాకి వచ్చే ఏటికీ అంటుకునే జబ్బు. వల్గారిస్‌లో దానికి గట్టి నిరోధం దొరకలేదు. టెపరీలో ఉంది.

టెపరీ ఎవరిదో తెలిస్తే ఆ నిరోధం వింతనిపించదు. ఆరిజోనా, సొనోరా ఎడారుల్లో తొహొనో ఓదం ప్రజలు తరతరాలుగా దాన్ని పండించారు. వేసవిలో వచ్చే నాలుగు జల్లులకు వాగుల్లో పారిన వరదనీటిని పొలాలకు మళ్ళించి గింజ చల్లేవారు. నేల ఆరేలోపు పంట చేతికి రావాలి, వస్తుంది. మధ్యాహ్నం ఎండలో ఆకులు సూర్యుడికి అంచు చూపించి నిలబడతాయి. ఆకాశంలోని పాలపుంత చెదిరిన తెల్ల టెపరీ గింజలేనని వాళ్ళ కథల్లో చెప్పుకుంటారు. ఆరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ ఫ్రీమన్ 1912లో ఈ గింజల మీద పెద్ద నివేదిక రాసేదాకా బయటి ప్రపంచం వాటిని పట్టించుకోలేదు.

నెబ్రాస్కాలో షిగేమి హోన్మా గ్రేట్ నార్తర్న్‌నూ టెపరీనీ కలిపి, పిండాన్ని సీసాలో పెంచి మొక్క తీశాడు. దాని సంతతి నుంచి ‘గ్రేట్ నార్తర్న్ నెబ్రాస్కా 1, సెలెక్షన్ 27’ అనే తెగులు తట్టుకునే వరుస వచ్చింది. డెర్మట్ కోయిన్ లాంటి ప్రజననకారులు దాన్ని వాడి ఇంకెన్నో రకాలు చేశారు. ఎడారి జాతి నుంచి రోగనిరోధం వల్గారిస్‌లోకి వచ్చేసిందని, పిండం పెంచే విద్య ఫలించిందని దశాబ్దాల పాటు ఉదాహరణగా చెప్పుకున్నారు.

2003లో ఫిలిప్ మిక్లాస్, ఆయన సహచరులు డీఎన్ఏ గుర్తులతో ఆ నిరోధం వెనక్కి ఎక్కడికి పోతుందో వెతికారు. సెలెక్షన్ 27లో తెగులును ఆపుతున్న ముఖ్యమైన జన్యుభాగం టెపరీది కాదు. ‘మోంటానా నంబర్ 5’ అనే పాత గ్రేట్ నార్తర్న్ రకంలోనే అది ఉంది. అంటే వల్గారిస్ ఇంట్లో ఉన్నదాని కోసం ఎడారి దాకా వెళ్ళొచ్చారన్నమాట. సీసాలో పెరిగిన మొక్క సంగతి ఏమైనా, రైతుకు దక్కిన మేలు మాత్రం పిండరక్షణ పద్దులో రాయవలసింది కాదు. ఇంకో మెలిక కూడా ఉంది. గ్రేట్ నార్తర్న్ బీన్సు అసలు తెల్లవాళ్ళ సృష్టి కాదు. 19వ శతాబ్దం చివర డకోటా ప్రాంతపు హిడాట్సా తెగకు చెందిన సన్ ఆఫ్ స్టార్ అనే మనిషి ఆస్కార్ విల్ అనే విత్తన వ్యాపారికి ఇచ్చిన గింజల నుంచి వచ్చింది. ఎడారి రైతుల ఖాతా నుంచి తీసేసిన జమ మైదానాల రైతుల ఖాతాలో పడింది.

అలాగని టెపరీ కథ అబద్ధమైపోలేదు. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో థామస్, వెయిన్స్ 1984లో రాజ్మా–టెపరీ సంకరాల నుంచి గింజ పట్టే సంతతిని తీశారు. ఆ సంతతి మీద కొలంబియాలోని అంతర్జాతీయ కేంద్రం సియాట్ పనిచేసి ఎక్స్‌ఏఎన్ 159 అనే వరుసను ఇచ్చింది. కెనడాలోని గ్వెల్ఫ్‌లో ఇంకో టెపరీ సంకరం నుంచి ‘ఓఏసీ రెక్స్’ అనే రకం వచ్చింది, 2000ల మొదట్లో రైతుల చేతికి చేరింది. మాడు తెగులును తట్టుకునే బీన్సు కెనడాలో అదే మొదటిది. ఈసారి నిరోధం టెపరీదేనని డీఎన్ఏ కూడా ఒప్పుకుంది.

సీసాలోంచి మొక్క వచ్చినా చిక్కు అయిపోదు. ఆ మొక్క దాదాపు గొడ్డుది. మళ్ళీ రాజ్మాతో కలిపితే పిండం మళ్ళీ పోతుంది, మళ్ళీ సీసా. పదేపదే రాజ్మాతోనే కలుపుకుంటూ పోతే టెపరీ అంశ కరిగిపోతుంది, దేనికోసం మొదలెట్టామో అదే మిగలదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హఘీఘీ, ఆషర్ 1988లో వేరే దారి చూపించారు. ఒక తరం రాజ్మాతో, మరుసటి తరం టెపరీతో, మళ్ళీ రాజ్మాతో, ఇలా వంతులవారీగా కలపడం. తరాలు గడిచేకొద్దీ మొక్కలు గింజ పట్టడం మెరుగైంది, సీసా అవసరం తగ్గింది, రెండు జాతుల లక్షణాలూ నిలిచాయి. పాత సంప్రదాయంలో పెరిగిన ప్రజననకారుడికి ఇది వృథా తిరుగుడులా కనిపిస్తుంది. అయినా పనిచేసింది.

సియాట్ దగ్గర 35,000కు పైగా బీన్సు నమూనాలున్నాయి. అక్కడ స్టీవ్ బీబీ బృందం చాలావరకు టెపరీ రక్తం కలిసిన వరుసల్లోంచి వేడిని తట్టుకునే 30 వరుసలను ఏరి, 2015 మార్చిలో ఆడిస్ అబాబాలో ప్రకటించింది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటితే రాజ్మా పుప్పొడి దెబ్బతినడం మొదలవుతుంది. తూర్పు ఆఫ్రికాలో పూట గడిపే గింజ అదే.

ఇప్పుడు కొబ్బరినీళ్ళ బాకీ. ఓరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మోక్, మాక్టెల్డ్ మోక్ దంపతులు 1978లో రాజ్మాను టెపరీతోనూ, ఇంకా దూరపు బంధువు లైమాతోనూ కలిపి పిండాలు పెంచారు. లైమా సంకరం అన్నిటికన్నా మొండిది, మొక్కగా నిలబెట్టడమే గగనం. ఈ లోపు కొబ్బరినీళ్ళలోని మహిమ చాలావరకు సైటోకైనిన్లు అనే హార్మోన్లదని తేలింది. లేతామ్ 1963లో లేత మొక్కజొన్న గింజల నుంచి వేరుచేసిన జియాటిన్ వాటిలో ఒకటి. తర్వాత అది కొబ్బరినీళ్ళలోనూ కనిపించింది. మోక్ దంపతులు ఆ జియాటిన్‌ను రెండు జాతుల లేత గింజలకూ పెట్టి చూశారు. లైమా దానికి గ్లూకోజు తగిలించి దాచుకుంటోంది. రాజ్మా జైలోజు అనే వేరే చక్కెర తగిలిస్తోంది. ఒకే మేతను దాచుకునే పద్ధతి రెండిళ్ళలో రెండు రకాలు. ఆ పని చేసే ఎంజైములను వాళ్ళు పట్టుకున్నారు, 1999లో లైమా జన్యువును వేరుచేశారు. మొక్క తన హార్మోనును ఎలా అదుపులో పెట్టుకుంటుందన్న విషయంలో మనకు తెలిసినదాంట్లో పెద్ద వాటా ఇక్కడి నుంచే వచ్చింది. కొత్త వంగడం కోసం మొదలుపెట్టిన సంకరం అటు ఫలించకుండా ఇటు ఫలించింది.

మన దేశంలో పప్పుధాన్యాలకు ఈ విద్య అవసరం గట్టిగానే తగిలింది. పెసర, మినుము కలిసినప్పుడు పెసర తల్లయితే కొంత సులువు. పంతనగర్ నుంచి వచ్చిన ‘పంత్ మూంగ్ 4’ అనే పెసర రకం తల్లిదండ్రుల్లో ఒకటి మినుమే. పల్లాకు తెగులుతో పెసర చేలు పసుపుబారడం చూసిన రైతుకు ఆ పెళ్ళి ఎందుకు చేశారో విడమరచక్కర్లేదు.

కంది విషయంలో పని మన పటాన్‌చెరులోనే జరిగింది. 1972లో అక్కడ పెట్టిన ఇక్రిశాట్‌లో కందికి అడవి చుట్టాలను కలపాలని మొదటి నుంచీ ప్రయత్నాలున్నాయి. కజానస్ ప్లాటీకార్పస్ అనే అడవి తీగ ఏడాదిలోనే పూసి కాసి పోతుంది, ఫైటోఫ్తోరా ఎండు తెగులును తట్టుకుంటుంది. కందికి అది మరీ దూరపు బంధువు. మామూలుగా కలిపితే పిండం నిలవదు. నళినీ మల్లికార్జున, జె.పి. మాస్ కాయలు రాలిపోకుండా పూల మొదట్లో హార్మోను పూసి, పిండాలను కాయల నుంచి తీసి సీసాల్లో పెంచి 1995లో ఆ సంకరాన్ని ప్రకటించారు. వచ్చిన మొక్క గొడ్డుది. కాల్చిసిన్ అనే మందుతో క్రోమోజోములు రెట్టింపు చేస్తేనే గింజ పట్టింది. దాన్ని మళ్ళీ కందితో కలిపితే ఆ పిండాలకూ సీసా తప్పలేదు. నాలుగైదు తరాలు గడిచి మామూలు కందిలా కనిపించే మొక్కలు చేతికొచ్చేసరికి ఆ పని మీదున్నవాళ్ళకు ఏళ్ళు గడిచిపోయాయి.

అదే ఆవరణలో కంది మీద ఇంకో సంకరం జరిగింది. తూర్పు కనుమల్లో, ఒడిశా, బస్తర్ అడవుల్లో పెరిగే కజానస్ కజానిఫోలియస్ కందికి అతి దగ్గరి చుట్టం. దానితో సీసా పని పడలేదు, గింజ దానంతటదే కట్టింది. ఆ కలయికలో మగతనం లేని కంది మొక్క దొరికింది, దాని నుంచి పప్పుధాన్యాల్లో తొలి వాణిజ్య హైబ్రిడ్లు వచ్చాయి. తెలంగాణ రైతులకు ‘మన్నెంకొండ కంది’గా తెలిసింది వాటిలో ఒకటి. దాని సంగతి వచ్చే భాగంలో.